విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లల ప్రవర్తన: మా అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నవి

మీ బాబుకు 4 ఏళ్లనీ, విలియమ్స్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే ఒక జన్యు సమస్య) అని పరీక్షలో తేలిందనీ రాశారు. ‘ఇంత చక్కగా మాట్లాడే పిల్లవాడికి ఏం లోపం ఉంటుంది’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తున్నారనీ, మీకు మాత్రం వాడి భయాలూ నిలకడలేనితనమూ చూస్తే దిగులుగా ఉందనీ అన్నారు. మీ దిగులు సరైనదే. మా అమ్మాయికి ఇప్పుడు 11 ఏళ్లు. ఇంట్లోవాళ్ల మాట నమ్మి నేను మూడేళ్లు ఊరికే పోగొట్టుకున్నాను. మీరు అలా చేయకండి.

ఈ పిల్లలకు మాట ముందుంటుంది, మిగతావి చాలా వెనక ఉంటాయి. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు సంక్రాంతికి ముగ్గు వేస్తానంటే 5 చుక్కలు 5 వరుసలు పెట్టి ఇచ్చాను. ఆ ముగ్గు ఎలా వేయాలో పక్కింటావిడకు పూసగుచ్చినట్టు చెప్పింది. తీరా పిండి చేతిలోకి తీసుకున్నాక ఒక రెక్క గడప దగ్గర వేసింది, ఇంకో రెక్క జానెడు దూరంలో వేసింది. ఒక్కటీ చుక్కలకు తగల్లేదు. విడివిడిగా రెక్కలున్నాయి కానీ పువ్వు లేదు. కంటికి కనిపించినదాన్ని చోటులో అమర్చుకోవడం వీళ్లకు అంత కష్టం. మెట్లు దిగడానికి భయపడటం, గుండీలు పెట్టుకోలేకపోవడం, అక్షరాలు గీత మీద నిలవకపోవడం అన్నీ అందులోంచి వచ్చేవే. బడిలో ఒక టీచరు ‘నోటికున్న చురుకు చేతికి లేదు, బద్ధకం’ అని డైరీలో రాసి పంపినప్పుడు నేనూ ఆమె మాటే నమ్మి పిల్లను కొట్టాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందరితో కలిసిపోవడాన్ని మీవాళ్లు మంచి గుణంగా చూస్తున్నారు. అది మంచి మనసే, కానీ అందులో ప్రమాదమూ ఉంది. కొత్తవాళ్లంటే జంకు ఈ పిల్లలకు దాదాపు ఉండదు. ఒకసారి బస్టాండులో నేను టికెట్టు తీసుకుని వెనక్కి తిరిగేసరికి మా అమ్మాయి ఎవరో తెలియని ఆయన ఒడిలో కూర్చుని ఆయన సంచిలోని జామకాయ తింటోంది. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నుంచే నేర్పడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లను కౌగిలించుకోవచ్చు, తెలిసినవాళ్లకు నమస్కారం పెట్టాలి, తెలియనివాళ్లు పలకరిస్తే అమ్మ చెయ్యి పట్టుకోవాలి. ఈ మూడూ రోజూ నాటకంలా ఆడించాను. చుట్టాలు ముద్దు చేయబోతే కూడా నమస్కారమే పెట్టించాను. వాళ్లు నొచ్చుకున్నారు, నొచ్చుకోనిచ్చాను. ఇంత చనువు ఉన్నా తోటిపిల్లలతో స్నేహం నిలవదు, ఆటలో వంతు వచ్చేదాకా ఆగలేరు. కొందరికి ఆటిజం కూడా ఉంటుంది. నవ్వుతూ పలకరిస్తాడు కాబట్టి ఆటిజం ఉండదని ఎవరైనా అంటే సరిగ్గా పరీక్ష చేయించమని అడగండి. ఏకాగ్రత లోపం, అతిచురుకుతనం చాలామందిలో ఉంటాయి. దానికి మందు అవసరమైతే గుండె డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువగా వేధించేది ఆందోళన. మా ఇంట్లో అది కుక్కరు రూపంలో వచ్చింది. విజిల్ రావడానికి అరనిమిషం ముందే, ఆవిరి చిన్నగా బుసకొట్టగానే, చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. వీళ్లకు శబ్దాలు మనకంటే చాలా బాధగా తగులుతాయి. దీపావళి రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. కేకలేస్తే భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. చివరికి పనికొచ్చింది ఇది: విజిల్ శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, చాలా చిన్నగా పెట్టి, ఫోను తన చేతికే ఇచ్చాం. పెంచడం, తగ్గించడం, ఆపడం అంతా తన ఇష్టం. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి విజిల్స్ తనే లెక్కపెడుతుంది. ‘రేపు కరెంటు పోతుందా’ అని ఇరవైసార్లు అడగడం మాత్రం పోలేదు. ఒకసారి జవాబు చెప్పి, మళ్లీ అడిగితే గోడమీద అతికించిన రోజువారీ పనుల బొమ్మలు చూపిస్తాను.

ఇక శరీరం సంగతి, ఇందులో ఆలస్యం వద్దు. 7వ క్రోమోజోములో పాతికకు పైగా జన్యువులున్న చిన్న ముక్క లేకపోవడమే ఈ సిండ్రోమ్‌కు కారణం. రక్తనాళాలకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ జన్యువు అందులోనే ఉంటుంది. దీన్ని 1961లో న్యూజిలాండ్‌లో వివరించిన విలియమ్స్ గుండె వైద్యుడు కావడం అందుకే. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం సన్నబడి ఉండవచ్చు కాబట్టి ఎకో (గుండె స్కాను), రక్తపోటు క్రమంగా చూపించండి. రక్తంలో కాల్షియం పెరిగే అవకాశం ఉంది, అందుకని విటమిన్ డి చుక్కలు మీ అంతట మీరు వేయకండి. ఇంకొకటి, దయచేసి గుర్తుంచుకోండి: పంటి చికిత్సకైనా సరే, ముందు గుండె డాక్టరుకు చెప్పకుండా మత్తు ఇవ్వనివ్వకండి. ఈ పిల్లలకు మత్తులో గుండె ఆగిపోయే ముప్పు మామూలు పిల్లలకంటే ఎక్కువ.

శిక్షణకు మీ జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో అడగండి. హైదరాబాదు రాగలిగితే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో (NIEPID) చూపించండి. వైకల్య ధ్రువపత్రం వస్తే దానితో కేంద్ర ప్రభుత్వం తరఫున నడిచే నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు పెట్టవచ్చు.

మీరు గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూడటం వల్లే ఇలా అయిందని మీ అత్తగారు అంటున్నారని రాశారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చాలామందిలో ఆ ముక్క అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు దానంతట అది జారిపోతుంది. తల్లి చేసిన తప్పు ఏదీ ఉండదు, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశమూ చాలా తక్కువ. జన్యు వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాటలు తెలుగులో రాసి ఇమ్మనండి. మా అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం నేనే చదివి వినిపించాను. ఆ తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు.