కాయిల్ పొయ్యి మీద వరలక్ష్మీ వ్రతం బూరెలు

అమెరికా వచ్చాక తొలి శ్రావణం చేసుకోబోయే అమ్మాయిలు నన్ను తరచూ అడిగేది ఇదే: "అక్కా, ఈ కరెంటు కాయిల్ పొయ్యి మీద బూరెలు వస్తాయా? పొగ అలారం మోగితే ఎలా? షాపు స్వీటు పెట్టేయనా?"

వస్తాయమ్మా. ఏమీ కుదరకపోతే అమ్మవారికి పండు పెట్టినా చాలు. కానీ చేయాలని మనసులో ఉంటే పొయ్యికి భయపడి మానుకోవద్దు. తొమ్మిది చేస్తే చాలు, అరకప్పు శనగపప్పుతో అయిపోతాయి.

నా మొదటి వ్రతం ఇంకా గుర్తుంది. తొందరలో కాయిల్‌ని హైలో పెట్టాను. నూనె పొగలు కక్కింది, అలారం మోగింది, నిద్రలో ఉన్న పాప ఉలిక్కిపడి లేచింది. బూరెలు సగం చిట్లి పూర్ణమంతా నూనెలో కలిసింది. అమ్మవారి ముందు కూర్చుని ఏడ్చేశాను. మిగిలిన పూర్ణాన్నే ఉండలు చేసి నైవేద్యం పెట్టాను.

తప్పు పొయ్యిది కాదు. గ్యాస్ మంటలా కాయిల్ వేడి వెంటనే తగ్గదు, నాబ్ తిప్పేసినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. అందుకే మొదటినుంచీ మీడియంలోనే పెట్టి ఓపిగ్గా ఆగండి. చుక్క తోపు, అంటే బూరెకి పైన పట్టించే పిండి, వేస్తే వెంటనే పైకి తేలాలి. థర్మామీటర్ ఉంటే 350 డిగ్రీల ఫారన్‌హీట్ చూసుకోండి. ఇండియా నుంచి తెచ్చిన గుండ్రటి మూకుడు ఇక్కడి పొయ్యి మీద కుదురుగా నిలవదు, అడుగు చదునుగా, మందంగా ఉన్న గిన్నె వాడండి. వాయికి మూడే వేయండి.

ఇక చిట్లడం సంగతి. పప్పుని కుక్కర్‌లో పెడితే మెత్తగా ముద్దైపోతుంది. రెండు గంటలు నానబెట్టి మామూలు గిన్నెలో ఉడికించండి. వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, పలుకు మాత్రం పలుకులా ఉండాలి. నీళ్లన్నీ వంచేయండి, ఆ నీళ్లు చారుకి బాగుంటాయి. పప్పు మెదిపి, అరకప్పు బెల్లం తురుము వేసి పొయ్యి మీద కలిపితే ముందు జారుగా అవుతుంది, కంగారుపడకండి. గిన్నె అంచులు వదిలే దాకా కలిపి, యాలకుల పొడి వేసి చల్లారనివ్వండి, గట్టిపడుతుంది. తోపుకి పావుకప్పు మినప్పప్పు, అరకప్పు బియ్యం, నాలుగు గంటల నానుడు. దోసెల పిండి కన్నా చిక్కగా రుబ్బి, చిటికెడు ఉప్పు వేయండి. వేలు ముంచి తీస్తే గోరు కనపడకూడదు. పులియనివ్వకండి. పూర్ణాన్ని ఉండలు చేసి, ఈ తోపులో ముంచి నూనెలో వేయండి.

అలారం బ్యాటరీ మాత్రం తీయొద్దు, ఎవరు చెప్పినా సరే. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. కిటికీ తెరవండి. ఒకవేళ నూనె అంటుకుంటే పొయ్యి ఆపి మూత పెట్టేయాలి, నీళ్లు పోయకూడదు. అందుకే మూత పక్కనే ఉంచుకోండి. పిల్లల్ని ఆ అరగంట ఇంకెవరైనా చూసుకోవాలి.

పౌర్ణమి ముందు శుక్రవారం ఆఫీసు ఉండి కుదరకపోతే, అదే శ్రావణంలో ఇంకో శుక్రవారం చేసుకోవచ్చు. ముందురోజు చేసిన పూర్ణం మీ ఇంట్లో నైవేద్యానికి పనికొస్తుందో లేదో అత్తగారినో అమ్మనో ఒక్కసారి అడగండి. పనికిరాదంటే పప్పు రాత్రి నానబెట్టి తెల్లవారుజామున లేవండి.

మొదటి వాయిని ఎవరూ రుచి చూడకుండా విడి పళ్లెంలో తీసి పెట్టండి. బూరెకి వేలితో చిన్న గుంట చేసి, నెయ్యి వేసి నివేదించండి. మిగిలిన నూనెని సింకులో పోయకండి, గొట్టాలు పూడిపోతాయి. చల్లారాక ఖాళీ సీసాలో పోసి మూత బిగించి చెత్తలో వేయండి.