రన్ అంటే పరుగొక్కటేనా? చెన్నై తండ్రికి జవాబు

ప్రశ్న: పాత చాకలిపేటలో ప్లాస్టిక్ సామాన్ల షాపు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగు, బయట తమిళం. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, వచ్చే ఏడు ప్లేస్‌మెంట్లు. మొన్న కాలేజీ మాక్ ఇంటర్వ్యూలో ‘మై ఫాదర్ ఈజ్ స్ప్రింటింగ్ ఎ షాప్’ అందట, అందరూ నవ్వారట. వారం నుంచి సరిగా అన్నం తినడం లేదు. రన్ అనే మాటకు పది పర్యాయపదాలు గడగడా చెబుతుంది. రోజూ రాత్రి నేనే అప్పజెప్పించుకుంటాను. మూడు వేల మాటలు నేర్పే ఆన్‌లైన్ జీఆర్ఈ వొకాబులరీ కోర్సులో చేర్చమంటారా, కోడంబాక్కంలో స్పోకెన్ ఇంగ్లీష్‌కు పంపమంటారా? ఇంగ్లీష్ రాక నేను కాలేజీ మీటింగుల్లో వెనక వరుసలో కూర్చుంటాను. తనకు ఆ గతి పట్టకూడదు.

జవాబు: మీరు రెండు కోర్సుల గురించి అడిగారు, చెబుతాను. కానీ మీ ఉత్తరంలో అసలు బాధ చివరి రెండు వాక్యాల్లో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, ఆ వెనక వరుస మాత్రం మారదు.

ముందు అమ్మాయి చేసిన తప్పు చూద్దాం. తనకు సరైన మాట తెలుసు. ‘మై ఫాదర్ రన్స్ ఎ షాప్’ అంటే సరిపోయేది. అంత చిన్న మాట ఇంటర్వ్యూలో చాలదేమో అని భయపడింది, జాబితాలో పెద్దదిగా కనిపించిన దాన్ని తీసి పెట్టింది. దీన్ని ఇంగ్లీష్ రాకపోవడం అనకండి. జాబితాను నమ్మడం వల్ల వచ్చిన తప్పు ఇది.

రన్ చిన్న మాటేమీ కాదు. 2011 నాటికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. ఆ పని చేసిన నిఘంటు సంపాదకుడు పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. పది పర్యాయపదాలు ఏ మూలకు వస్తాయి చెప్పండి! ముక్కు కారినా రన్నే, ఉతికిన చీర రంగు దిగినా రన్నే, ఎన్నికల్లో నిలబడినా రన్నే, ప్రోగ్రామ్ పనిచేసినా రన్నే. వీటిలో స్ప్రింట్ ఎక్కడా ఇమడదు. స్ప్రింట్ అంటే కొద్ది దూరం ఒంట్లో బలమంతా పెట్టి పరుగెత్తడం. జాగ్ అంటే పొద్దున్నే మెరీనాలో ఒక లయలో మెల్లగా పరుగెత్తడం. సెంట్రల్‌లో రైలు కదులుతుంటే ఉరికితే డ్యాష్. టపాకాయ చప్పుడుకు గుర్రం బెదిరి లగెత్తితే బోల్ట్. పర్యాయపదాలంటే ఒకే అర్థమని పిల్లలకు ఎవరు చెబుతున్నారో గాని, చాలా నష్టం చేస్తున్నారు.

మీ ఇంట్లో ఇంకో సంగతి ఉంది, మీరు దాన్ని లోటు అనుకుంటున్నారు. తెలుగులో షాపు ‘నడుస్తుంది’, గడియారం ‘నడుస్తుంది’, సినిమా ‘ఆడుతుంది’, ఫ్యాను ‘తిరుగుతుంది’. మీ వీధి తమిళంలో గడియారం, సినిమా, ఫ్యాను మూడూ ‘ఓడుదు’, అంటే పరుగెత్తుతాయి. ఇంగ్లీష్ రన్ కూడా అలాంటిదే. ఉరకడం, లగెత్తడం, దౌడు తీయడం, పారిపోవడం, వీటిలో ఏది ఎక్కడ వాడాలో మీకు ఎవరైనా జాబితా ఇచ్చి నేర్పారా? విని నేర్చుకున్నారు. రెండు భాషలు అలా నేర్చిన పిల్లకు మూడోది రాదని దిగులు పడకండి. వస్తుంది.

ఇక ఆ మూడు వేల మాటల కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. జీఆర్ఈ అంటే అమెరికా లాంటి చోట్ల పీజీ చదువులకు రాసే పరీక్ష. విడి మాట ఇచ్చి వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలను అందులో 2011లోనే తీసేశారు. ఇప్పుడు మాటను వాక్యంలో పెట్టి అడుగుతున్నారు. పైగా 2020 తర్వాత చాలా అమెరికా యూనివర్సిటీలు ఆ స్కోరు తప్పనిసరి కాదన్నాయి. అమ్మాయి అమెరికా వెళ్తానందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. పక్కింటి పిల్లలు చేరారని, ఫోన్‌లో ప్రకటన వచ్చిందని వేలకు వేలు కట్టకండి. ఈ కోర్సులు చేసిన పిల్లలు నా ముందు మాక్ ఇంటర్వ్యూలకు కూర్చుంటారు. ‘రన్ అస్ త్రూ యువర్ ప్రాజెక్ట్’ అంటాను. ప్రాజెక్టు గురించి మొదటినుంచి క్లుప్తంగా చెప్పమని దాని అర్థం. జాబితాలో అది ఉండదు, కాబట్టి బిక్కమొహం వేస్తారు. ప్లేస్‌మెంట్లలో వినపడేవి ఇలాంటి మాటలే.

స్పోకెన్ క్లాసు దానికన్నా నయం. డబ్బు కట్టే ముందు ఒక గంట వెనక కూర్చుని చూడండి. మాస్టారు ఎక్కువ మాట్లాడుతున్నారా, పిల్లలా? పిల్లలైతే చేర్పించండి.

ఇప్పుడు మీతో ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. రాత్రి అప్పజెప్పించుకోవడం ఈరోజే మానేయండి. నలుగురిలో నవ్వులపాలై వచ్చిన పిల్లను అన్నం దగ్గర మళ్లీ పరీక్ష పెడుతున్నారు. మీ భయాన్ని తన నెత్తిన పెడుతున్నారు. మీకు ఇంగ్లీష్ రాకపోవడం తను తీర్చాల్సిన అప్పు కాదండీ.

చదివించాలనుంటే ఒక లెర్నర్స్ డిక్షనరీ కొనండి, అందులో ప్రతి అర్థానికీ వాక్యం ఉంటుంది. 1852లో వచ్చిన రోజెట్ థెసారస్ లాంటి పర్యాయపదాల పుస్తకాలు మాటలు ముందే తెలిసినవాళ్లు సరైనదాన్ని ఏరుకోవడానికి. తనకు ఇప్పుడు అవసరం లేదు.

ఆదివారం షాపుకు తీసుకెళ్లండి. సరుకు ఎక్కడినుంచి వస్తుంది, అప్పు ఎవరికి ఇస్తారు, దీపావళికి ఏం అయిపోతుంది, ఇవన్నీ మీరు తెలుగులో అడగండి, తను ఇంగ్లీష్‌లో చెప్పాలి. సరుకు నిండుకుంటే రన్ అవుట్, పాత ఖాతాదారు అనుకోకుండా ఎదురైతే రన్ ఇంటూ. అరగంట చాలు. మధ్యలో తప్పులు దిద్దకండి.

వచ్చే కాలేజీ మీటింగులో మీరు ముందు వరుసలో కూర్చోండి. అడగాల్సింది తమిళంలో అడగండి. చెన్నై కాలేజీ, తప్పకుండా జవాబు చెబుతారు.