మూడో మిక్సీ ఎందుకొచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా మామయ్యగారికి 64 ఏళ్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. చేతి వణుకు ఎక్కువైందని పోయినేడు లెవోడోపాకి తోడు ప్రమిపెక్సోల్ బిళ్ల కలిపారు. వణుకు తగ్గింది. కానీ పెళ్లిళ్లలో కూడా పేక ముట్టని మనిషి ఇప్పుడు పొద్దుగూకితే చాలు పేకాటకి పోతున్నారు. పింఛను చాలక అత్తయ్య గాజులు తాకట్టు పెట్టారు. అర్ధరాత్రి లేచి ఫోన్‌లో ఏవేవో కొంటారు. మొన్న మూడో మిక్సీ వచ్చింది. అడిగితే ‘నా డబ్బు, నా ఇష్టం’ అంటారు. ముసలితనంలో బుద్ధి గడ్డి తిందని చుట్టాలు నవ్వుతున్నారు. ఆ బిళ్ల మానిపించేద్దామని మా వారు అంటున్నారు. ఇది మందు వల్లేనా?
- ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: మందు వల్లేనని నాకు గట్టి అనుమానం అమ్మా. ముందు బిళ్ల, తర్వాత పేక అని మీరు రాసిన వరుసే ఆ మాట చెబుతోంది. అయినా సరే, ఇవాళ రాత్రి బిళ్ల మాత్రం ఆపొద్దని మీ వారితో చెప్పండి.

నరాల మధ్య కబుర్లు మోసే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెదడు అడుగున నల్లటి చిన్న మచ్చలా కనిపించే చోట ఉంటాయి. పార్కిన్సన్స్‌లో చచ్చిపోయేవి అవే. అందుకే ఒళ్లు బిగుసుకుంటుంది, చెయ్యి వణుకుతుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కదల్లేని స్థితిలో ఉన్న కుందేళ్లకు లెవోడోపా ఇస్తే అవి లేచి తిరిగాయి. అది మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారుతుంది. ఇప్పుడు మాస్టారు మింగుతున్నదీ అదే. ప్రమిపెక్సోల్ ఏమో డోపమిన్‌ని అనుకరించే మందు.

ఈ డోపమిన్‌కి మెదడులో ఇంకో దారి కూడా ఉంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో దీన్ని ‘ఆనందం కెమికల్’ అంటుంటారు. నాకు ఆ పేరు నచ్చదు. ‘ఈసారి తగులుతుందేమో’ అనే తహతహ దీని అసలు పని. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం ఇస్తూ గమనించాడు: అనుకోకుండా చుక్క దొరికితే ఆ కణాలు రెచ్చిపోయాయి, ఖాయంగా వస్తుందని తెలిశాక అదే రసానికి ఉలకలేదు. ఒకటో తారీఖు పింఛనుకి ఎవరం గంతులేస్తాం? ముక్క తిప్పేదాకా తెలియని పేకాట సంగతి వేరు.

మామయ్యగారిలో కదలికల దారి ఎండింది, తహతహ దారి చాలావరకు తడిగానే ఉంది. ఎండిన చేను కోసం నీళ్లు వదిలితే పక్క మడి మునిగింది. కాలువల కింద ఊరు మీది, మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ప్రమిపెక్సోల్ ఎక్కువగా పట్టుకునే డి3 రిసెప్టర్లు (డోపమిన్ వచ్చి అతుక్కునే చోట్లలో ఒక రకం) ఆ రెండో దారిలోనే దండిగా ఉంటాయి. 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రమిపెక్సోల్ తరహా మందులు వాడేవారిలో 17.1 శాతం మందికి జూదం, కొనుగోళ్లు, తిండి, శృంగార వాంఛల్లో ఏదో ఒకటి అదుపు తప్పింది. వాడనివారిలో 6.9 శాతం.

ఆయన ‘నా ఇష్టం’ అనడంలో అబద్ధం లేదు. ఆ కోరిక ఆయనకు తన సొంతంగానే అనిపిస్తుంది, దాని మీద బిళ్ల పేరు రాసుండదు కదా. తిట్టినకొద్దీ దాచడం నేర్చుకుంటారు. నవ్వే చుట్టాలకి ఈ పేజీ చూపించండి.

ఆ బిళ్ల ఒక్కసారిగా ఆపితే కొందరికి విపరీతమైన భయం, చెమటలు, దిగులు పట్టుకుంటాయి. లెవోడోపా కూడా మానేస్తే ఒళ్లు కొయ్యబారి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. న్యూరాలజిస్టు మోతాదు మెల్లగా దించుతూ లెవోడోపాని సర్దుతారు. చాలామందిలో ఈ యావ దాంతో తగ్గుతుంది. వణుకు కొంచెం తిరిగొస్తే ఓర్చుకోవాలి. అందాకా ఏటీఎం కార్డు, ఫోన్‌లో డబ్బు కట్టే యాప్‌లు ఆయన్ని ఒప్పించి మీ వారి దగ్గర ఉంచండి. మాస్టారు కదా, లెక్క కాగితం మీద చూపిస్తే ఒప్పుకోవచ్చు.

దూలగొండి చూర్ణం ఏమైనా వాడుతున్నారేమో కూడా కనుక్కోండి. ఆ గింజల్లో ఉండేది లెవోడోపాయే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని విడదీసి చూపించారు. ‘ఆకు మందే కదా’ అని డాక్టరుకి చెప్పకుండా వాడేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు అత్తయ్యగారినీ తీసుకెళ్లి, డాక్టరు ఆవిడతో విడిగా మాట్లాడేలా చూడండి. పైన రాసిన నాలుగింటిలో చివరిది కోడలి ముందు, కొడుకు ముందు ఆవిడ చెప్పలేరు.