మా టీ కొట్టుకు ‘పైనుంచి’ వచ్చినాయన

“ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో, దేశం లోపలి నిఘా), రా (విదేశీ నిఘా) లాంటి నిఘా సంస్థల్ని పార్లమెంటు చట్టం కిందికి తెస్తే వాటి చేతులు కట్టేసినట్టు కాదా?” అని అడిగారు. కాదనే అంటాను. మా ఇంట్లో జరిగింది చెబుతా వినండి.

మాది కావలి. మా తమ్ముడు సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగానికి సెలెక్టయి వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఒకరోజు పొద్దున్నే వీధి చివర టీ కొట్టుకు ఒకాయన వచ్చాడు. మఫ్టీ, చంకలో హెల్మెట్, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. “ఈ అబ్బాయి ఎట్లాంటోడు? వాళ్ళింటికి ఎవరెవరు వస్తుంటారు?” అని ఆరా. కొట్టు పెద్దాయన “మంచోడే సార్, నాకు మాత్రం బాకీ ఉన్నాడు” అన్నాడట. నేను పోయి “ఏ ఆఫీసు సార్?” అంటే “పైనుంచి” అన్నాడు. కార్డు అడిగితే నవ్వాడు.

సాయంత్రానికల్లా వీధంతా “వాళ్ళ చిన్నోడి మీద ఇంటెలిజెన్స్ ఎంక్వైరీ అంట”. అమ్మకు నిద్ర లేదు. చెల్లికి చూస్తున్న సంబంధం వాళ్ళు వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. తప్పు చేయనోడికి భయమెందుకని టీవీలో చెప్పేవాళ్ళు మా వీధిలో ఒక్క వారం కాపురం ఉండి చూడాలి.

ఆయన ఐబీయో, మామూలు పోలీసు స్పెషల్ బ్రాంచి కానిస్టేబులో ఈనాటికీ తెలియదు. ఆ కోపంలోనే ఇవన్నీ చదవడం మొదలుపెట్టా. ఐబీ 1887 నాటిది, రా 1968లో పుట్టింది. ఇదీ నీ పని, ఇదీ నీ హద్దు అని చెప్పే చట్టం రెండిటికీ లేదు, ఉత్తర్వుల మీదే బండి నడుస్తోంది. వాటి ఉద్యోగులు సంఘాలు పెట్టుకోకుండా మాత్రం 1985లో చట్టం చేశారు! సమాచార హక్కు కింద అడుగుదామంటే 24వ సెక్షన్ అడ్డం. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన అయితే తప్ప జవాబివ్వరు. టీ కొట్టు దగ్గర పరువు పోతే అది దేని కిందికి వస్తుందో మరి. ఈ సంస్థలకు చట్టం ఉండాలని 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెడితే అది ముందుకు సాగలేదు.

ఐబీని మనకు వదిలిపోయిన బ్రిటన్ వాడు తన దేశం లోపలి నిఘా సంస్థ ఎంఐ5కి 1989లో, విదేశీ నిఘా సంస్థ ఎంఐ6కి 1994లో చట్టాలు చేసుకున్నాడు. వాళ్ళ గూఢచారులేం పని మానుకుని కూర్చోలేదే?

తమ్ముడికి ఉద్యోగం వచ్చిందిలెండి. ఆ ‘పైనుంచి’ ఆయన తాగిన రెండు టీలు కూడా పెద్దాయన వాడి బాకీలోనే కలిపి రాశాడు.