మూలకణాలంటే పిండమేనా?

ప్రశ్న: నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మూలకణాలను పిండం నుంచి మాత్రమే తీస్తారని మా తరగతిలో కొందరంటే, వాటితో ఏ జబ్బైనా నయమవుతుందని మరికొందరంటున్నారు. ఏది నిజం?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ పొరపాటేనమ్మా. మూలకణాలంటే వేరే రకాల కణాలుగా మారగలిగే కణాలు; అవి పెద్దవాళ్ల శరీరంలోనూ ఉంటాయి. ఎముక మజ్జలోని మూలకణాలతో రక్తవ్యాధులకు దశాబ్దాలుగా చికిత్స జరుగుతోంది. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక ఎలుక మామూలు శరీర కణాలను పిండ మూలకణాల వంటివిగా మార్చి చూపారు. మన హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులైతే, సున్నం పడో రసాయనం చిందో కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) మసకబారినవారికి, ఆరోగ్యంగా ఉన్న రెండో కంటి కార్నియా అంచు నుంచి మూలకణాలుండే సుమారు రెండు మిల్లీమీటర్ల కణజాలం తీసి, దాన్ని చిన్న ముక్కలుగా చేసి, ఉమ్మనీటి సంచి పొరపై అమర్చి చూపు తెప్పించే పద్ధతిని రూపొందించారు.

మీ తరగతిలోని రెండో నమ్మకమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది, ఎందుకంటే ఆటిజం, పక్షవాతం నయమవుతాయనే ప్రకటనలను నమ్మి ఆస్తులమ్ముకునే తల్లిదండ్రులు రేపు సలహా అడిగేది మీవంటి నర్సులనే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప మిగిలినవన్నీ క్లినికల్ ట్రయల్స్‌గానే, అంటే అనుమతితో రోగులపై చేసే పరిశోధనగానే జరగాలి. అటువంటి ట్రయల్‌కు రోగుల నుంచి డబ్బు తీసుకోకూడదు; ఎవరైనా అందులో చేరమంటే, ముందుగా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య ఉందో లేదో చూడమని వారికి చెప్పండి.