పాత లిప్టన్ టీ ప్రకటన బోర్డు అమ్ముతామంటున్నారు, అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? తుప్పు తీయించి రంగు వేయించాలా? అమెరికాలో ఉన్న మా అన్నయ్యకి పంపాలనుకుంటున్నా.

ముందు రెండోదానికి చెప్తా, రంగు మాత్రం వేయించొద్దండి ప్లీజ్. ఒక్కసారి ఆటో పెయింట్ పడిందంటే ఆ బోర్డు విలువ పోయినట్టే, నేనైతే అలాంటిది సగం రేటుకిచ్చినా తీసుకోను. నేను టీ, సోడా, కూల్‌డ్రింకుల పాత బోర్డులు చాలా ఏళ్ళుగా పోగేస్తున్నా, ఎక్కువగా హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లోనే, తమిళనాడులోని కారైక్కుడి వైపు వెళ్తే అక్కడి పాత సామాన్ల కొట్లలో కూడా చూస్తుంటా.

ఇక అసలుదో కాదో అన్న సంగతి. పాతకాలం ఎనామెల్ బోర్డంటే ఇనప రేకు మీద గాజు పొడి పూత వేసి 800 డిగ్రీల దాకా కాలుస్తారు, మామూలుగా ఒక్కో రంగుకి ఒక్కోసారి కాలుస్తారు, అందుకే అక్షరం అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరిపితే చిన్న గట్టులా తగులుతుంది. బజార్లో తిరిగే నకిలీలు చాలావరకు ప్రింటు కొట్టినవే, వాటికి ఇది ఉండదు. తర్వాత మేకుల కన్నాలు చూడండి. రేకుకి కన్నాలు ముందే కొట్టి ఆ తర్వాత పూత కాల్చేవాళ్ళు కాబట్టి పూత కన్నం అంచు దాకా వెళ్తుంది, పెచ్చు ఊడినచోట నల్లటి అడుగు పూత, దాని కింద తుప్పు కనపడతాయి. తుప్పు ఎక్కువగా కన్నాల దగ్గరా అంచుల్లోనే ఉంటుంది, బోర్డంతా ఒకేలా తుప్పు ఉందంటే ఎవరో కావాలని పట్టించినట్టే. వెనక వైపు ఫోటో తప్పకుండా అడగండి, అక్కడ కూడా ముదురు రంగు పూత ఉండాలి.

చాలా బోర్డులకి కింది అంచున చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు ఉంటుంది, బర్మింగ్‌హామ్ పేటెంట్ ఎనామెల్ కంపెనీ అనో కలకత్తా సుర్ ఎనామెల్ అనో. అది ఉంది కదా అని నమ్మేయకండి, నకిలీ చేసేవాడు ఆ పేరు కూడా వేస్తాడు.

నాకు బాగా పనికొచ్చేది బోర్డు మీద రాసిన మేటరే. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కి ముందుది, ఎందుకంటే ఆ ఏడే అణాల బదులు నయా పైసలు వచ్చాయి. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతది, అలాంటిది చూపించి బ్రిటిష్ కాలంది అంటే నవ్వి వచ్చేయండి. థమ్సప్ పుట్టిందే 1977లో, కోకాకోలా ఇక్కణ్ణించి వెళ్ళిపోయిన ఏడాది, కోకాకోలా మళ్ళీ 1993లోనే తిరిగొచ్చింది. కాబట్టి 1960ల నాటి థమ్సప్ బోర్డు, 1985 నాటి ఇండియా కోకాకోలా బోర్డు అన్నవి ఉండవు, అయినా అమ్మేవాళ్ళు ఉన్నారు.

గోల్డ్ స్పాట్ అనే పాత ఆరెంజ్ కూల్‌డ్రింక్ లాంటి వాటి తర్వాతి కాలం బోర్డులు చాలా వరకు రేకు మీద ప్రింటు వేసినవి, వాటి లెక్క వేరు. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే ఎనామెల్‌కి ఏమీ కాదు కానీ వీటికి రంగు ఊడొచ్చేస్తుంది, ఆ టెస్టు వీటి మీద చేయకండి.

ఇంకో మాట, అందరూ ఇంగ్లీష్ కోకాకోలా బోర్డుల కోసం ఎగబడతారు గానీ తెలుగు అక్షరాలున్న టీ బోర్డు దొరికితే నేను దానికే ముందు డబ్బు పెడతా. మన దేశంలో టీ తాగడం ప్రచారంతో నేర్పిన అలవాటు, 1903లో టీ మీద సెస్సు అనే ప్రత్యేక పన్ను వేసి ఆ డబ్బుతోనే ప్రచారం మొదలుపెట్టారు, బెంగాల్లో రైల్వే స్టేషన్లలో టీ ఎలా కాచుకోవాలో బెంగాలీలో రాసిన ఎనామెల్ బోర్డులు కూడా పెట్టారు. మన భాషలో ఉన్నవి తుక్కు కింద కిలోల లెక్కన పోతుంటే కడుపు తరుక్కుపోతుంది. అలాగే ఊరి పేరు గాజులోనే అచ్చుపడ్డ గోలీ సోడా సీసాలు, రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింక్ సీసాలు కనపడితే వదలొద్దు, గోలీల కోసం పిల్లలు పగలగొట్టేయడంతో ఆ సోడా సీసాలు పగలకుండా దొరకడం కష్టం.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ చాలు, స్టీల్ పీచు వాడొద్దు. బాగా ఆరాక తుప్పున్న చోట పల్చగా మైనం రాయండి. అమెరికాలో ఉన్న అన్నయ్యకి పంపాలని రాశారు కదా, వందేళ్ళు దాటి ప్రాచీన వస్తువు కింద లెక్కకొచ్చేదైతే 1972 చట్టం ప్రకారం మనం బయటికి పంపకూడదు, అందుకే పంపేముందు దాని వయసు తేల్చుకోండి. వెనక వైపు, కన్నాల దగ్గర ఫోటోలు పెడితే చూసి చెప్తా.