వీడియోలోని హరికథను సీడీకి ఎక్కించడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు చిక్కడపల్లిలో చెప్పిన హరికథను తమ్ముడు ఫోనులో వీడియో తీశాడు. అందులోని ఆడియోను సీడీ నాణ్యతతో వేరు చేయడం ఎలాగో దయచేసి తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: సీడీ ఆడియోకు సెకనుకు 44,100 నమూనాలు (శబ్దాన్ని కొలిచిన విలువలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్లు ఉండాలి. ఫోను వీడియోల్లో శబ్దం సాధారణంగా 48,000 నమూనాలతో, ఏఏసీ పద్ధతిలో కుదించి ఉంటుంది కనుక, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వీడియోను తెరిచి (ఎంపీ4 తెరవడానికి ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే తోడు సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి), పై కొలతలతో వేవ్ (కుదించని ఆడియో) ఫైలుగా ఎగుమతి చేయండి. నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది. మధ్యలో ఎంపీ3గా మార్చకండి. ఇలాంటి ప్రతి కుదింపులోనూ కొంత శబ్దం పోతుంది, పోయినది వేవ్‌గా మార్చినా తిరిగి రాదు. చిడతలు మోగినప్పుడల్లా గొంతు పగిలినట్టు వినిపిస్తే, అది రికార్డింగులోనే వచ్చిన లోపం. ఎగుమతికి ముందు స్థాయి తగ్గించినా పోదు.

సీడీ రాసేటప్పుడు డేటా డిస్క్ కాక ఆడియో సీడీ అనే ఎంపిక తీసుకుంటేనే పాత ప్లేయర్లలో కూడా పాడుతుంది. ఒక్కో డిస్కులో 80 నిమిషాలే పడతాయి కాబట్టి, కథ అంతకు మించితే పద్యం మధ్యలో కాకుండా ఒక ఘట్టం ముగిసిన చోట విడదీయండి. అసలు వీడియోను మాత్రం తొలగించకండి.